బ్రాహ్మణవాదం: ఒక మాట, మూడు అర్థాలు

చరిత్ర పాఠాల్లో ‘బ్రాహ్మణమతం’ అనీ, సామాజిక వ్యాసాల్లో ‘బ్రాహ్మణవాదం’, ‘బ్రాహ్మణిజం’ అనీ మీరు చదివే ఉంటారు. ఈ మాటలను అందరూ ఒకే అర్థంలో వాడలేదు. ఏ అర్థమో తేల్చుకోకుండా చదివితే రచయిత ఒకటి చెబుతుంటే మనకు మరొకటి వినిపిస్తుంది. ఒక సిద్ధాంతంపై విమర్శను ఒక కులంపై నిందగా పొరబడే ప్రమాదం కూడా ఉంది.

1. చారిత్రకార్థం: ఋగ్వేద కాలం తరువాత యజ్ఞకర్మ బాగా విస్తరించింది. శతపథం, ఐతరేయం వంటి బ్రాహ్మణ గ్రంథాలు దాని విధులను వివరించాయి. వేదప్రామాణ్యం, యజ్ఞం, పురోహితుని ప్రాధాన్యం, వర్ణవ్యవస్థ ఈ దశకు ముఖ్య లక్షణాలు. దీనినే చరిత్రకారులు బ్రాహ్మణమతం అన్నారు. 19వ శతాబ్దపు పండితుడు మోనియర్ విలియమ్స్ దీనిని వేదమతానికీ హిందూమతానికీ మధ్య దశగా చూపాడు.

2. తాత్త్వికార్థం: ఉపనిషత్తుల్లో ‘బ్రహ్మం’ అంటే సృష్టికి మూలమైన పరమసత్యం. ఆ బ్రహ్మం చుట్టూ సాగిన చింతనకు కూడా కొందరు పండితులు ఇదే పేరు వాడారు. ఇక్కడ కర్మకన్నా జ్ఞానానికి ప్రాధాన్యం.

3. సామాజికార్థం: పుట్టుకను బట్టి మనుషుల హెచ్చుతగ్గులను నిర్ణయించే భావజాలం. 1938లో మన్మాడ్‌లో రైల్వే కార్మికుల సభలో డా. అంబేద్కర్ ఈ అర్థాన్ని స్పష్టం చేశారు. తన దృష్టిలో బ్రాహ్మణవాదమంటే బ్రాహ్మణ కులం అధికారం కాదనీ, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాల నిరాకరణ అనీ అన్నారు. దానికి మూలకర్తలు బ్రాహ్మణులే అయినా అది అన్ని వర్గాల్లోనూ వ్యాపించి ఉందన్నారు.

ఆచారాన్ని విమర్శించడం వేరు, దానిని పాటించే మనుషులను ద్వేషించడం వేరు. ఈ తేడా కొత్తది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని శాసనాలనే చూడండి. మొదటి శాసనం జీవులను చంపి బలి ఇవ్వరాదంటుంది. మూడవ శాసనం బ్రాహ్మణులకూ శ్రమణులకూ దానం చేయడం మంచిదంటుంది. యజ్ఞబలిని కాదన్న రాజే బ్రాహ్మణులను గౌరవించమన్నాడు. బౌద్ధుల ధమ్మపదం చివరి అధ్యాయం మరో అడుగు ముందుకు వేసి, బ్రాహ్మణత్వం పుట్టుకతో కాక నడతతో వస్తుందని బోధించింది.

కాబట్టి ఈ మాట ఎదురైనప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసుకోండి: రచయిత ఏ కాలం గురించి చెబుతున్నాడు? మతాచారం గురించా, తత్త్వం గురించా, సామాజిక అసమానత గురించా? ఒక భావం గురించా, ఒక సమూహం గురించా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి: “మా కులంలో కూడా బ్రాహ్మణవాదం ఉంది” అనే వాక్యం పై మూడు అర్థాలలో దేనికి సరిపోతుంది? ఎందుకు?