ఊరి భూమి - ఇల్లాండ్ర బాధ్యత

ఇల్లు చక్కదిద్దుకొనుట స్త్రీల పనియనియు, ఊరి భూములను గూర్చి తర్కించుట పురుషుల పనియనియు మనలో చాలమంది తలంచుచుందురు. నెల్లూరు సముద్రతీరమున కాపురముండు సోదరీమణులకు ఈ రెండును వేరుగావు. అచ్చట ఊరిబయట నొక పొలము ఉప్పునీటి రొయ్యలగుంటగా మారినచో, ఆ మార్పు కొంతకాలమునకు ఇంటి బావిలో తెలియవచ్చును. నీరు చౌరుబారును, పప్పు ఉడుకదు, మంచినీటికై బిందె చంకనెత్తుకొని దూరము నడువవలసి వచ్చును. పొలమును కౌలున కిచ్చినది మగవారు; బిందె మోయునది మనము. ఊరి భూములను గూర్చి తీర్మానించు సభలలో స్త్రీలు కూర్చుండవలయునా యను ప్రశ్నకు జవాబు వంటయింటిలోనే యున్నది.

రొయ్యల సాగును కేవలము నిందించుట న్యాయముగాదు. 1990 ప్రాంతమునుండి అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతములందును, కండలేటి పోటునీటి పాయ వెంబడిని ఈ సాగు వేగముగా వ్యాపించెను. పూరిండ్లున్న తావుల మిద్దెలు లేచెను. రొయ్యలు ఒలిచి శుభ్రపరచు శాలలలో వేలకొలది స్త్రీలకు కూలి దొరకెను. కాని 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చినపుడు అప్పులపాలైన కుటుంబములును అనేకము. లాభము కొందరిది, నష్టము పదుగురిది కాకుండునట్లు, ఏ భూమిని దేనికి వాడవచ్చునో ముందుగా నిర్ణయించుకొనుట యవసరమని ఆ అనుభవము నేర్పినది.

ఈ విషయమున మనకు పొరుగుననే యొక యిల్లాలు దారి చూపినది. తమిళనాట భూదానోద్యమమున పనిచేసిన కృష్ణమ్మాళ్ జగన్నాథన్ గారు 1981లో, దున్నువారికి భూమి యిప్పించుటకై ఒక సంస్థను స్థాపించి, నాగపట్టణము ప్రాంతపు పేద స్త్రీలకు వారి పేరనే పట్టాలిప్పించిరి. ఆ పల్లెలకు రొయ్యలగుంటలు వచ్చినపుడు ఆమెయు, భర్త జగన్నాథన్ గారును ప్రజలతో నిలిచిరి. జగన్నాథన్ గారు వేసిన వ్యాజ్యమున 1996 డిసెంబరు 11వ తేదీని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. వ్యవసాయభూములను, ఉప్పుమళ్లను, మడ అడవులను, ఊరుమ్మడి భూములను రొయ్యలగుంటలుగా మార్చరాదనియు, చిలకా, పులికాటు సరస్సులకు వేయి మీటర్ల లోపున అట్టి గుంటలు కూడదనియు అందు గలదు. తరువాత ఆ తీర్పుపై పునర్విచారణ కోరబడెను. 2005లో పార్లమెంటు ప్రత్యేకముగా చట్టము చేసి, తీరమున ఈ సాగు చేయువారు నమోదు చేసికొనవలెనని విధించినది. తాగునీటి తావునకు నూరు మీటర్ల దూరము పాటింపవలెనని నాటి నియమములు చెప్పినవి. 2023లో చట్టము సవరింపబడినది. కావున నేటి నియమము లేవో అధికారుల నడిగి వ్రాయించుకొనుట మేలు.

ఢిల్లీలో తీర్పు వెలువడినంతమాత్రమున మన పల్లెలోని మంచినీటి గుంట దానంతట నిలువదు. ఏది పశువుల బీడు, ఏది శ్మశానము, ఏది కళ్లము, సముద్రపుగాలి నాపు సరుగుడుతోపు ఎందాక గలదు అనునవి ఎరిగినవారు ఊరివారే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము, ప్రభుత్వమునకు వేరే పనికి అక్కరలేని బీళ్లు, కళ్లములు, శ్మశానములు, బండిబాటలు మొదలగు పోరంబోకులు గ్రామపంచాయతీకి చెందును. ఊరుమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగించుటకు ఏర్పాట్లు చేయుడని 2011 జనవరి 28న సుప్రీముకోర్టు రాష్ట్రముల నన్నింటిని ఆజ్ఞాపించినది. ఓటు గల ప్రతి స్త్రీయు గ్రామసభలో సభ్యురాలే. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయింపగా, ఆంధ్రప్రదేశమున అది సగమైనది. పీట వేసియే యున్నది, కూర్చుండుటయే తరువాయి.

ఐనను కొన్ని సంఘములలో పీట భూమితో ముడివడి యుండును. 1997లో సాగునీటి సంఘముల చట్టము వచ్చినపుడు ఓటు భూమిగల రైతులకే దక్కెను. నారు నాటి కలుపు తీసిన చేతులున్నను, పట్టాలో పేరు లేని స్త్రీకి ఓటు లేకపోయెను. 1985 సెప్టెంబరు 5 నుండి అమలైన రాష్ట్ర సవరణ అప్పటికి పెండ్లికాని హిందూ కుమార్తెలకు, 2005 నాటి సవరణ దేశమందలి హిందూ కుమార్తెల కందరికిని, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారులతో సమమగు హక్కు నిచ్చినవి. పుట్టింటివారితో మనసు చెడునని ఈ హక్కును వదలుకొను సోదరీమణులు, దానితో సంఘములోని ఓటునుగూడ వదలుకొనుచున్నారేమో యోచింపవలెను.

సభలో కూర్చున్నపిమ్మట చేయదగిన పనులు మూడు. మొదటిది, కాగితము చదువుట. చర్చకు వచ్చిన సర్వే నంబరు అడంగలులో ఎట్లున్నదో, పటములో బావి యెచ్చటనో, వాననీరు పారు వాగు ఏ వైపుననో చూడవలెను. చదువురానివారు చదివించి వినవచ్చును. రెండవది, తీర్మానముల పుస్తకము మూయకముందు అందు వ్రాసినది చదివించుకొని, పిదపనే సంతకముగాని వేలిముద్రగాని వేయుట. మన మాట పుస్తకమున నెక్కనిచో రేపు ఆ మాట యనలేదందురు. ఖాళీ పుటపై చేవ్రాలు ఎన్నడును కూడదు. మన కుర్చీలో భర్తను కూర్చుండబెట్టి మనము వంటయింట నుండుటయు ఖాళీపుటపై చేవ్రాలు వంటిదే.

మూడవది అన్నింటికంటె కష్టమైనది. అది బంధుత్వపు సంగతి. ఒక యిల్లాలు సభ్యురాలుగా నున్నదనుకొందము. ఆమె బావగారే తన పొలమున రొయ్యలగుంట త్రవ్వుటకు అనుమతి కోరినారు. ముందునాటి రాత్రి ఆయన, "ఏమమ్మా, మనవాళ్ల పనికి నీవే అడ్డుపడుదువా?" అని యడిగినచో నామె యేమి చెప్పవలెను? కాదన్నచో ఇంట కలత; ఔనన్నచో బావి పాడైన తరువాత ఇరుగుపొరుగు స్త్రీల ముఖము చూడలేదు. "బావగారూ, ఇది మన యింటి పొలము గనుక నేను చేయి యెత్తను. ఆ మాట సభలోనే చెప్పుదును. బావికి ఎంత దూరమో అందరి యెదుట కొలిపింపుడు, నియమము కుదిరినచో మీకు నిందయే లేదు" అనుట మేలైన దారి. ఇట్లు చెప్పుటవలన మర్యాదయు చెడదు, ధర్మమును తప్పదు. తన చుట్టరికమును దాచి చేయి యెత్తిన సభ్యురాలి మాటను ఊరు మరియొకసారి నమ్మదు.

"ఇంటిపనులకే తీరిక లేదు, సభ లెక్కడివి?" అని కొందరందురు. ఆ మాట నిజమే. నెలకొక పూట సభకు పోవలెనన్న అత్తగారో ఆడబిడ్డయో పొయ్యి చూడవలెను. కావున ఒక స్త్రీ సభ్యత్వము ఇంటిల్లిపాది పూనికతోనే సాగును. ఒంటరిగా పోవుట జంకైనచో ఇద్దరు ముగ్గురు కలిసి పోవచ్చును. ఈ జిల్లాలో నిది క్రొత్తగాదు. 1992లో దూబగుంట స్త్రీలు, అక్షరాస్యతా తరగతులలో కలిసి కూర్చుండి మాట్లాడుకొన్నవారు, తమ యూర సారా అమ్మకమును ఆపించిరి. ఊరూర స్త్రీలు లేచిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. వారికి పదవులు లేవు, పలుకుబడి లేదు. కలిసి కూర్చుండిన అలవాటు మాత్రమే యుండెను.

సారా యింటిలోని డబ్బును దోచినది గనుక అందరి కంటబడినది. భూమి చేజారుట అట్లు గాదు. నేడు బీడులో ఒక గట్టు, రేపు వాగున కడ్డముగా నొక కట్ట. పది యేండ్లకు గాని దాని ఫలము తెలియదు. అప్పటికి ఆ తీర్మానము వ్రాసినవారు మరచియుందురు. బిందె మోయునది మాత్రము మన కోడండ్రు, కుమార్తెలు. కావున సోదరీమణులారా, ఈసారి మీ యూర గ్రామసభ చాటింపు వినబడినపుడు పొయ్యి కాసేపు మరియొకరి కప్పగించి పొండు. మన మంచినీటి బావి ఏ సర్వే నంబరులో నున్నదో మొదట తెలిసికొనుడు.