అరిజోనాలో డాక్టర్.. టెక్సస్‌లో ఎవరు?

నేను కోడ్ రాసి బతికేవాణ్ని. ఈరోజు హైదరాబాద్, రేపు బెంగళూరు, వీసా కలిసొస్తే ఎల్లుండి సియాటెల్. ల్యాప్‌టాప్ మూసి ఇంకోచోట తెరిస్తే చాలు. ‘ఈ రాష్ట్రంలో జావా రాయడానికి నీకు లైసెన్స్ ఉందా?’ అని ఎవరూ అడగరు. అమెరికాలో నేచురోపతిక్ డాక్టర్ల సంగతి అలా కాదు. రాష్ట్రం దాటితే చేతిలోని లైసెన్స్ ఉత్త కాగితమైపోవచ్చు.

ఒక జంటను ఊహించుకోండి. ఆయనది ఐటీ ఉద్యోగం, ఆవిడ అరిజోనాలో ఎన్‌డీ, అంటే లైసెన్స్ ఉన్న నేచురోపతిక్ డాక్టర్. ఫీనిక్స్‌లో పేషెంట్లను చూస్తుంది, రక్తపరీక్షలు రాస్తుంది, చట్టం ఒప్పుకున్నంత మేర మందులూ రాస్తుంది. ఆయనకి డాలస్ పక్కన ఫ్రిస్కోలో మంచి ఆఫర్ వచ్చింది. మనవాళ్లు బోలెడంత మంది ఉన్న ఊరు, ఇడ్లీ పిండి కూడా దొరుకుతుంది. ఇంకేం కావాలి? కావాల్సింది ఒకటే, అదే అక్కడ లేదు. టెక్సస్ ఎన్‌డీలకు లైసెన్సే ఇవ్వదు. ఆవిడ అక్కడ డాక్టర్‌గా మందు రాయలేదు. ఇంట్లో ఒక జీతం పెరిగితే, ఇంకో కెరీర్ ఆగిపోతుంది.

అదే టెన్నెసీకో సౌత్ కరోలినాకో వెళ్తే ఇంకా కష్టం. అక్కడి చట్టాల ప్రకారం నేచురోపతీ ప్రాక్టీస్ చేయడమే నేరం!

మనకి నేచురోపతీ అనగానే ఉప్పులేని కూరలు, మట్టి పట్టీలు, అమ్మ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే మంతెన గారి వీడియోలు గుర్తొస్తాయి. అక్కడ కథ వేరు. డిగ్రీ తర్వాత నాలుగేళ్ల కోర్సు, అది కూడా సీఎన్‌ఎంఈ అనే సంస్థ గుర్తించిన కాలేజీలో. ఆపైన ఎన్‌ప్లెక్స్ పరీక్ష. మొదటి భాగం శరీర శాస్త్రాల మీద, రెండో భాగం రోగుల్ని చూసే పని మీద. 1986లో మొదలైన ఈ పరీక్షనే లైసెన్స్ ఇచ్చే రాష్ట్రాలన్నీ దాదాపుగా అడుగుతున్నాయి.

మరి పరీక్ష ఒకటే అయినప్పుడు లైసెన్స్ ఎందుకు ఒకటి కాదు? అసలు చిక్కు ఇక్కడే. పరీక్ష ఉమ్మడిది, పర్మిషన్లు మాత్రం రాష్ట్రానివి. మా భాషలో చెప్పాలంటే యూజర్ ఒకడే, ఒక్కో సర్వర్‌లో ఒక్కో యాక్సెస్. అరిజోనా, ఒరెగాన్‌లలో ఎన్‌డీలు చాలా రకాల మందులు రాయొచ్చు. కాలిఫోర్నియాలో చాలా మందులకు ఎండీ పర్యవేక్షణ ఉండాలి. కనెక్టికట్‌లో ప్రిస్క్రిప్షన్ మందు రాసే వీల్లేదు. పదేళ్లు కనెక్టికట్‌లో పనిచేసి, ఒక్క ప్రిస్క్రిప్షన్ కూడా రాయని మనిషి నేరుగా ఒరెగాన్ వచ్చి ప్యాడ్ తీస్తే? అక్కడి బోర్డు కంగారు పడటంలో న్యాయం ఉంది. అందుకే ఆ రాష్ట్ర చట్టాల మీద, రాయదగ్గ మందుల జాబితా మీద వేరే పరీక్ష పెడతారు.

లైసెన్స్ ఉన్న రాష్ట్రం నుంచి లైసెన్స్ ఉన్న ఇంకో రాష్ట్రానికి వెళ్లేవాళ్లకు ‘ఎండార్స్‌మెంట్’ అనే దారి ఉంటుంది. పేరు వింటే ఒక సంతకంతో అయిపోయేలా ఉంది కదా. కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ నేరుగా కాలేజీ నుంచే బోర్డుకు వెళ్లాలి. ఎన్‌ప్లెక్స్ మార్కులు పరీక్ష పెట్టిన సంస్థ నుంచే రావాలి. ఇంతకుముందు లైసెన్స్ తీసుకున్న ప్రతి రాష్ట్రం ‘ఈ మనిషి మీద చర్యలేమీ లేవు’ అని విడిగా రాసి పంపాలి, ఎప్పుడో వదిలేసిన లైసెన్స్ అయినా సరే. వేలిముద్రలు, పాత కేసుల వివరాలు, ఫీజులు సరేసరి. ఎక్కడ ఒక్క కాగితం ఆగినా ఫైలు అక్కడే కూర్చుంటుంది. ఈలోగా క్లినిక్ అద్దె, ఎడ్యుకేషన్ లోన్ కిస్తీ మాత్రం ఆగవు.

ఈ గోల తగ్గించడానికి అరిజోనా 2019లో ఒక చట్టం తెచ్చింది. వేరే రాష్ట్రంలో కనీసం ఏడాదిగా, అదే వృత్తిలో, అదే స్థాయి లైసెన్స్ ఉండి, మీ మీద మచ్చ లేకుండా, అరిజోనాలో నివాసం ఏర్పరుచుకుంటే లైసెన్స్ ఇస్తారు. రాష్ట్ర చట్టాల మీద పరీక్ష మాత్రం పెట్టొచ్చు. నాకు ఇది నచ్చింది. చదువు మళ్లీ మొదటి నుంచి తవ్వకుండా, తేడా ఉన్న చోట మాత్రమే పరీక్షించడం న్యాయం. నర్సులకు చాలా రాష్ట్రాలు కలిసి ఒకే లైసెన్స్ చెల్లేలా ఒప్పందం చేసుకున్నాయి. ఎన్‌డీలకు అలాంటిది లేదు. పైగా ఎండీల సంఘాలు చాలా చోట్ల అసలు వీళ్లకు లైసెన్సే వద్దంటాయి. వాళ్ల అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. ఎన్‌డీలు నేర్చుకునే వాటిలో హోమియోపతీ కూడా ఉంది, దానికి గట్టి శాస్త్రీయ ఆధారాలు లేవు. లైసెన్స్ ఉందంటే చదువు, పరీక్ష అయ్యాయని అర్థం. ప్రతి చికిత్సా పనిచేస్తుందని కాదు.

వీడియో కాల్‌లో చూస్తే?

‘ఫ్రిస్కోలో కూర్చుని ఫీనిక్స్ పేషెంట్లను ఆన్‌లైన్‌లో చూడొచ్చుగా?’ అని మీకు వచ్చిన ఐడియానే నాకూ వచ్చింది. సాధారణంగా డాక్టర్ ఎక్కడున్నారన్నది కాదు, పేషెంట్ ఎక్కడున్నారన్నదే లెక్క. కాబట్టి అరిజోనా లైసెన్స్ బతికుంటే అరిజోనాలో ఉన్న పేషెంట్ల విషయంలో కొంత దారి దొరకొచ్చు, అది కూడా రెండు వైపుల చట్టాలూ చూసుకున్నాకే. పక్కింటి పేషెంట్‌ని చూడలేరు, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని పేషెంట్‌ని చూడగలరు. విచిత్రంగా లేదూ?

మన బీఎన్‌వైఎస్‌కి విలువెంత?

హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల లాంటి చోట్ల ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు బీఎన్‌వైఎస్ చదివినవాళ్లకు పై దారులేవీ తెరుచుకోవు. ఎండార్స్‌మెంట్ అమెరికా, కెనడా చదువుల లోపలి వ్యవహారం. సీఎన్‌ఎంఈ గుర్తింపు ఉన్న కాలేజీలో చదవనిదే ఎన్‌ప్లెక్స్ రాయనివ్వరు. ఇండియాలో డాక్టర్ అయినా అక్కడ మళ్లీ కోర్సులో చేరాల్సిందే. ఏ సబ్జెక్టులకు మినహాయింపు ఇస్తారన్నది కాలేజీ ఇష్టం. ఇక్కడ కూడా ఆయుర్వేదం, హోమియోపతీలకు ఉన్నట్టు నేచురోపతీకి చట్టబద్ధమైన జాతీయ కమిషన్ లేదు, రిజిస్ట్రేషన్ రాష్ట్రాల చేతిలోనే ఉంది.

పెళ్లయి డిపెండెంట్ వీసా మీద వెళ్తున్న బీఎన్‌వైఎస్ అమ్మాయిలు ‘అక్కడికెళ్లాక చూసుకుందాంలే’ అనే మాట నమ్మొద్దు. విమానం ఎక్కకముందే ఆ రాష్ట్రం లైసెన్స్ ఇస్తుందా, దగ్గర్లో గుర్తింపు ఉన్న కాలేజీ ఉందా అని చూసుకోండి. ఇక అక్కడే ఉండి, వైద్యం కోసం నేచురోపతీ వైపు చూస్తున్న వాళ్లయితే, లైసెన్స్ ఇచ్చే రాష్ట్రాల్లో బోర్డు సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. లైసెన్స్, గతంలో తీసుకున్న చర్యలు కనిపిస్తాయి. టెక్సస్‌లో అలా వెతకడానికి బోర్డే లేదు. నాలుగేళ్లు చదివిన మనిషి, పోస్టులో సర్టిఫికెట్ తెప్పించుకున్న మనిషి అక్కడ ఒకేలా కనిపిస్తారు. ఏ కాలేజీలో చదివారు, ఎన్‌ప్లెక్స్ పాసయ్యారా, వేరే ఏ రాష్ట్రంలో లైసెన్స్ ఉంది అని మీరే మొహమాటం లేకుండా అడగాలి.