మాల తీసిన మర్నాడు కోపం ఎక్కడినుంచి వస్తుంది?

శివరాత్రి దగ్గరపడుతుంటే ఆత్మకూరు వీధుల్లో శివదీక్ష మాలలు ఎక్కువవుతాయి. నల్లమల అంచున, శ్రీశైలం కాలిదారి మొదట్లో ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ దీక్ష కొత్త సంగతి కాదు. నిన్నటిదాకా చిన్నదానికీ పెద్దదానికీ ఇంటిమీద విరుచుకుపడ్డ మనిషిని పెళ్లాం పిల్లలు కూడా ‘స్వామీ’ అంటారు. గొంతు కాస్త పెరిగితే చాలు, ‘మాలలో ఉండి కోపమేంది స్వామీ’ అని పక్కవాళ్లు గుర్తుచేస్తారు. మండల దీక్ష అంటే 41 రోజులు. అన్నాళ్లూ ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. శ్రీశైలంలో దీక్ష విరమించి వచ్చాక, కొన్ని ఇళ్లలో, పాత గొంతే మళ్లీ వినిపిస్తుంది.

అప్పుడు ఊరు రెండు తీర్పులిస్తుంది. దీక్ష ఉత్తదని ఒకటి, మనిషి దొంగభక్తుడని ఇంకొకటి. రెండూ తొందరపాటే.

అపోహ: యోగసాధన చేస్తే కోపం, అసూయ, భయం మాయమైపోతాయి

పతంజలి యోగసూత్రాలు 200 లోపే. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడు. మిగతాదంతా దాదాపు మనసు సంగతే. రెండో పాదంలో మనసును పీడించే క్లేశాల గురించి చెబుతూ, అవి నాలుగు స్థితుల్లో ఉంటాయన్నాడు: నిద్రపోతూ, పలచబడి, మధ్యమధ్య తెగుతూ, పూర్తిగా విజృంభించి. వ్యాసుడి పేరు మీద ఉన్న భాష్యం దీన్ని మనకు బాగా తెలిసిన అనుభవంతోనే వివరిస్తుంది. అనురాగం పొంగుతున్న వేళ కోపం కనిపించదు, అంతమాత్రాన అది లేనట్టు కాదు. దీక్షలో ఉన్న మనిషి కోపం కూడా అంతే. ఎక్కడికీ పోలేదు, సందు దొరకలేదు.

మనసులోని ఆలోచనను బలవంతంగా నొక్కిపెడితే ఏమవుతుందో అమెరికా మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం 1987లో చూపించింది. కొందరు విద్యార్థులకు ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పి, ఆలోచన వచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత ‘ఇక ఆలోచించవచ్చు’ అనగానే, మొదటినుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్ల కంటే వీళ్లకే ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తొచ్చింది. మాల తీసిన మర్నాటి కోపానికి ఇదొక్కటే కారణమని అనలేం. కానీ ‘కోపం రాకూడదు’ అన్న నియమం ఒక్కటే పెట్టుకుని, ‘ఎందుకు వస్తోంది’ అన్న ప్రశ్న వేసుకోకపోతే 41 రోజుల్లో సగం పనే జరిగినట్టు.

అపోహ: దాచుకోకూడదంటే కక్కేయాలి

ఇది పై అపోహకు తమ్ముడు. మనసులోది బయటికి కొట్టేస్తే తేలికవుతుందని చాలామంది నమ్మకం. మనస్తత్వ పరిశోధకుడు బ్రాడ్ బుష్‌మన్ 2002లో 600 మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించాడు. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును బాదినవాళ్లకు కోపం తగ్గకపోగా పెరిగింది. ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్లే నయం. తనలోని కోపాన్ని ఒప్పుకోవడం వేరు, దాన్ని వీధిలోకి వదలడం వేరు.

రాయలసీమలో దీనికి ఇంకో పొర ఉంది. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడిన దగ్గరనుంచి సినిమా చూపించిన సీమ మనిషికి తొడకొట్టడం తప్ప ఇంకో భావమే లేకుండా పోయింది. ‘సీమ రక్తమే అంత’ అన్న మాట పడీపడీ, ఇక్కడి కుర్రాళ్లు కొందరు దాన్ని బిరుదులా మోస్తారు. ఫ్యాక్షన్‌కు ఊరి మీద పెత్తనం, భూమి, కాంట్రాక్టులు లాంటి కారణాలున్నాయి. రక్తానికి ఆ పాపం లేదు. దీనివల్ల జరిగే నష్టం మరొకటి: కోపాన్ని గొప్పగా చూపించుకునే చోట దాచుకోవలసి వచ్చేది కోపం కాదు, భయమూ ఏడుపూ.

అపోహ: లోపలికి చూస్తే కనిపించేదంతా వెలుగే

పోతులూరి వీరబ్రహ్మం పశువులు కాస్తూ కాలజ్ఞానం రాశాడని చెప్పే రవ్వలకొండ ఆత్మకూరు ఉన్న నంద్యాల జిల్లాలోనే, బనగానపల్లె దగ్గరుంది. ఆయన చుట్టూ అల్లుకున్న కథల్లో కక్కయ్య కథ భయంకరమైనది. దేహంలో షట్చక్రాలూ వాటిలో దేవతలూ ఉంటారని బ్రహ్మంగారు శిష్యుడు సిద్ధయ్యకు బోధిస్తుంటే కక్కయ్య చాటుగా విన్నాడు. ఇంటికి పోయి, నిద్రపోతున్న భార్యను కోసి చూశాడు. నెత్తురూ పేగులూ తప్ప ఏమీ కనిపించక, మోసపోయానని స్వామి మీదికి వచ్చాడు. స్వామి ఆమెను బతికించాడంటారు. బతికి లేచిన ఆ ఇల్లాలు మొగుణ్ని ఏమడిగిందో మాత్రం కథ చెప్పేవాళ్లు పెద్దగా పట్టించుకోరు.

చక్రాలు కత్తికి దొరికే అవయవాలు కావన్నది ఇక్కడ పైకి కనిపించే పాఠం. లోపల చూడమంటే కక్కయ్య ఇంకొకరి లోపల వెతికాడన్నది అంతకంటే పదునైనది. స్విస్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1932లో జ్యూరిక్‌లో కుండలినీ యోగం మీద ఉపన్యాసాలిస్తూ చక్రాలను మనసు దశలకు గుర్తులుగా చదివాడు. మనిషి తనదని ఒప్పుకోని భాగాన్ని ఆయన ‘నీడ’ అన్నాడు. తనలో చూడలేనిదాన్ని మనిషి ఎదుటివాడి మీద మోపుతాడన్నాడు.

పైగా సొంత లోపలికి చూసినా వెంటనే హాయి రాదు. మనస్తత్వ పరిశోధకుడు జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలోని బాధాకరమైన ఘటన గురించి రాశారు. జరిగిందీ, దాని గురించి తమకు అనిపించిందీ కలిపి రాసినవాళ్లకు రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు మిగతావాళ్లకంటే తక్కువసార్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. తర్వాత జరిగిన అనేక అధ్యయనాల్లో ఈ మేలు కొద్దిపాటిదేనని తేలింది. అయినా రెండు రూపాయల పెన్నుతో అయ్యే పనికి అది తక్కువేమీ కాదు.

అపోహ: సాధన ముదిరితే అహం పోతుంది

జర్మనీలో 93 మంది యోగా విద్యార్థులను 15 వారాల పాటు గమనించిన పరిశోధకులు 2018లో ప్రకటించిన ఫలితం వేరుగా ఉంది. యోగా తరగతి ముగియగానే వాళ్లు తమను తాము మిగతావాళ్లకంటే మెరుగ్గా ఊహించుకోవడం ఎక్కువైంది. ‘నేను కోపాన్ని జయించాను’ అనే వాక్యంలో మొదటి మాట ఏమిటో చూస్తే ఇది అర్థమవుతుంది.

వేమన విషయంలో జనం చేసిన పని ఇందుకే మెచ్చుకోదగ్గది. ఆయన జీవితానికి ఆధారాలు తక్కువ, కథలు ఎక్కువ. కానీ ఆ కథలేవీ యవ్వనంలోని వేశ్యావ్యామోహాన్ని కడిగి దాచలేదు. కె.వి.రెడ్డి 1947లో నాగయ్యతో తీసిన ‘యోగి వేమన’ కూడా ఆ వ్యామోహాన్ని తప్పించుకుపోలేదు. అలాగని వేమన విలువ తగ్గలేదు. 1820లో కడపకు వచ్చిన ఆంగ్లేయ అధికారి సి.పి.బ్రౌన్ వేమన పద్యాలు సేకరించి 1829లో అచ్చువేయించాడు. 2006లో కడప విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరు కూడా ఆ యోగిదే.

అపోహ: తనను తాను తెలుసుకోవాలంటే అడవికి పోవాలి

వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో శ్రీశైలానికి శివరాత్రికీ ఉగాదికీ వేలమంది నడుస్తారు. దాహం, పుండ్లు పడ్డ పాదాలు, మంచినీళ్ల దగ్గర తోపులాట ఎవరి ఓర్పు ఎంతో చెప్పేస్తాయి. అదే సంగతి ఇంట్లో, అప్పు తీసుకున్నవాడు ఎదురైనప్పుడు కూడా తెలుస్తుంది.

అపోహ: ధ్యానం మందులాంటిది, నష్టం ఉండదు

జారెడ్ లిండాల్, విలబీ బ్రిటన్ బృందం 2017లో ధ్యాన సాధకులతో మాట్లాడి ప్రచురించిన అధ్యయనంలో భయం, నిద్రలేమి, పాత గాయాల జ్ఞాపకాలు తిరగబెట్టడం లాంటివి నమోదయ్యాయి. అందరికీ ఇలా జరుగుతుందని కాదు. కానీ కళ్లు మూసుకోగానే పాత దెబ్బలు, చావులు, వేధింపులు మీదపడుతుంటే ‘ఇంకాసేపు కూర్చో, పోతుంది’ అని చెప్పడం సరైన సలహా కాదు. సాధన ఆపి, కళ్లు తెరిచి, నాలుగడుగులు నడవాలి. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా మనోవైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఫోన్‌కు డబ్బు పడదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.