చింతపండు వొలిచిన వేసవి

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టేసరికి మా అబ్బాయి ఉద్యోగం చేసే రాజమండ్రిలోనే ఉండిపోయాడు. మారేడుమిల్లి ఘాటు దాటి చింతూరు రావడానికి బస్సుల్లేవు. మూడు వారాలన్నారు, పొడిగిస్తూ పోయారు. నాకు ముద్ద దిగేది కాదు.

మా అత్తయ్యగారు ఊరుకోలేదు. "కూర్చుని ఏడిస్తే వస్తాడా? లే అమ్మాయ్," అని పెరట్లో చింతకాయ దులిపించారు. ఎండబెట్టి, పెంకు కొట్టి, ఈనెలూ గింజలూ తీశాం. పేపరు వదలని మావారు కూడా వచ్చి కూచున్నారంటే నమ్మండి! గింజ తీసిన పండులో రాళ్ళుప్పు చల్లి, తడి తగలకుండా జాడీలో అదిమి పెడితే ఏడాదంతా నిలవుంటుంది.

తెల్లారకుండానే కోయ ఆడవాళ్ళు రాలిన ఇప్పపువ్వు ఏరుకొచ్చేవారు. అడవికి లాక్‌డౌన్ లేదు కదా అనిపించి, ఆ పూట కాస్త తినగలిగేదాన్ని.

మే నెలాఖరుకి అబ్బాయి వచ్చాడు. పద్నాలుగు రోజులు వెనక గదిలోనే ఉంచాం. దగ్గరికెళ్ళి తల నిమరడానికీ లేదు. గుమ్మం దగ్గర అన్నం, చారు పెట్టి దూరంగా నిలబడ్డాను.

"కొత్త చింతపండా అమ్మా?" అని లోపల్నించి అడిగాడు.