కాయలు కాచిన వేలికి పలకని ఫోన్

ప్రొద్దుటూరు: పులివెందుల తోటల్లో చీనీకాయలు కోసే చేతికీ, జమ్మలమడుగు చేలల్లో పత్తి తీసే చేతికీ టచ్ ఫోన్ ఒక్కోసారి పలకదు. గట్టిగా నొక్కినా ప్రయోజనం ఉండదు.

ప్రొద్దుటూరు మగ్గం మీది పడుగూ పేకల మాదిరి, ఫోన్ అద్దం కింద కంటికి కనిపించని విద్యుత్ గీతల అల్లిక ఉంటుంది. వేలు ఆనిన గడిలో విద్యుదావేశం కొద్దిగా మారుతుంది. ఆ మార్పును బట్టి ఎక్కడ తాకామో ఫోన్ తెలుసుకుంటుంది. చర్మం ఎండి కాయలు కాస్తే ఆ మార్పు చాలదు. చెయ్యి తడిగా ఉంటే లెక్క తప్పుతుంది.

ఈ పద్ధతిని 1965లో బ్రిటన్‌కు చెందిన ఇ.ఎ. జాన్సన్ వివరించారు. విమానాల రాకపోకల అదుపునకు పనికొస్తుందని ఆయన తలచారు. 2007లో ఐఫోన్ వచ్చాక అది చేతి ఫోన్లకు విస్తరించింది.

చెవి దగ్గర పెట్టగానే తెర ఆరిపోవడం వేరే ఏర్పాటు. చాలా ఫోన్లలో పైభాగం నుంచి వెలువడే, కంటికి కనపడని పరారుణ కాంతి చెంపకు తగిలి వెనక్కి వస్తే తెర ఆరుతుంది. అక్కడ దుమ్ము పేరుకుంటే మాట ముగిసినా తెర వెలగకపోవచ్చు.

వేలు కడిగి, తుడుచుకుని, మెత్తని భాగం ఆనించాలి. తెరను పొడిగుడ్డతో తుడవాలి. కొన్ని ఫోన్ల సెట్టింగుల్లో తాకుడు సున్నితత్వం పెంచే వీలుంది. కష్టజీవి వేలిని కూడా గుర్తించే తెరలను అన్ని ఫోన్లకూ అమర్చడం తయారీదార్ల బాధ్యత.