గృహశుద్ధి: నిత్యము, నైమిత్తికము, కామ్యము

గోదావరి డెల్టాలో సిరియు శ్రమయు ఒకే నీటి వెంట వచ్చును. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట మూలమున ఏ కాలువలు ఈ సీమను ధాన్యాగారముగా మార్చినవో, ఆ కాలువల చెంతనే గోడలకు చెమ్మయు, గడపలకు బురదయు, పెరళ్ళయందు దోమలును, బీరువాలోని పట్టుచీరెలకును పుస్తకములకును బూజును నిత్యవాసమేర్పరచుకొన్నవి. కోస్తా జిల్లాలలో బోదకాలు వ్యాధి ఒకనాడు ఎంతగా ప్రబలియుండెనో తెలియుటకు, ఆ వ్యాధిని గూర్చి శిక్షణమొసగు కేంద్రప్రభుత్వ సంస్థ రాజమహేంద్రవరమునందే నెలకొనియుండుట చాలును. ఆ వ్యాధిని మోసికొని తిరుగు దోమ విశేషముగా పుట్టునది ఇంటి వెనుకటి మురుగునీటిలోనే. కావున ఈ ప్రాంతమున ఇల్లు శుభ్రముగా నుంచుకొనుట చూపరుల మెప్పు కొరకు చేయు అలంకారము కాదు. అన్నము వండుకొనుటవలెనే అది జీవనమునకు ఆవశ్యకమైన కార్యము.

అయితే నేటి గృహస్థునకు తీరిక యెక్కడిది? భార్యాభర్తలిరువురును తెల్లవారగనే క్యారేజీలు సర్దుకొని, ఒకరు కాకినాడ బస్సునకును, మరొకరు బడికిని పరుగెత్తు ఇండ్లలో, వారమంతయు పేరుకొనిన దుమ్మును ఆదివారమొక్కనాడే వదిలించవలెనని పూనుకొని మధ్యాహ్నమునకు నడుము పట్టుకొని కూలబడుటయు, పండుగ వచ్చినప్పుడు సెలవు పెట్టి ఇల్లంతయు తలక్రిందులు చేయుటయు మనము చూచుచునే యున్నాము. లోపము శ్రమలో లేదు. శ్రమను కాలమునందు పంచుకొనుటలో నున్నది. మన ధర్మశాస్త్రకారులు కర్మలను నిత్యము, నైమిత్తికము, కామ్యము అని మూడు తెరగులుగా విభజించిరి. విడువక చేయవలసినది నిత్యము. ఒకానొక కారణము తటస్థించినప్పుడు చేయవలసినది నైమిత్తికము. ఇష్టముండి, ఫలమును కోరి చేయునది కామ్యము. ఇంటి పనికి ఈ విభాగమును అన్వయించి చూచినచో జరుగుచున్న పొరపాటు స్పష్టమగును: కామ్యమునకు ఆదివారములను ధారపోసి, నిత్యమును రేపటికి వాయిదా వేయుచున్నాము.

నిత్యకృత్యముల విషయమున పాత మండువా లోగిళ్ళు మనకు మంచి పాఠము నేర్పును. నడుమ ఆకాశము కనబడు ఆ ఇండ్లలో వాన నేరుగా లోపలనే కురియుచుండినను చెమ్మ నిలువకుండుటకు, మండువానుండి నీరు వెలుపలికి పోవు తూమును ఎప్పటికప్పుడు శుభ్రపరచుచుండుటయు, గాలియు వెలుతురును అడ్డులేక ఆడుచుండుటయునే కారణములు. నేటి అపార్టుమెంటులో మండువా లేకపోయినను సూత్రమదియే: నీరు నిలువరాదు, గాలి ఆగరాదు. రాత్రి పడుకొనుటకు ముందు స్వల్పకాలములో ముగియు నాలుగు పనులను ఈ సూత్రము ననుసరించి అలవరచుకొనినచో సగము భారము తీరినట్లే. అంట్లను సింకులో నానబెట్టి పడుకొనక తోమివేసి, సింకును పొడిగుడ్డతో తుడుచుట మొదటిది. గ్యాసుపొయ్యిని ఆర్పిన పిమ్మట, పలక ఇంకను నులివెచ్చగా నుండగనే తుడిచివేయుట రెండవది. ఏలయన ఒలికిన నూనె ఆనాటికానాడు గుడ్డకు వచ్చును గాని, దినదినము వేడికి మాగినచో వార్నీషువలె గట్టిపడి గోకినను ఊడదు. స్నానపు గది నేలమీది నీటిని తూము వైపునకు నెట్టి తలుపు తెరచియుంచుట మూడవది. నేలగుడ్డను, తోము పీచును గట్టిగా పిండి తీగెమీద ఆరవేయుట నాలుగవది. ఇది మిగుల చిన్న పనియైనను మిగుల ముఖ్యమైనది. తడిసిన పీచు రాత్రంతయు సింకు మూలన పడియుండినచో సూక్ష్మజీవులు దానియందు వృద్ధిపొందును. ఉదయమున పళ్ళెమును తోముచున్నామనుకొని వానినే పూయుచుందుము. అంబాజీపేట పరిసరములలో విరివిగా దొరకు కొబ్బరిపీచు త్వరగా ఆరును, వెల తక్కువగుటచే తరచుగా మార్చుకొనవచ్చును. ఈ రెండు గుణములచేతను అది దుకాణములోని స్పాంజికంటె మేలైనది.

ఇల్లూడ్చుటకు ఒక క్రమమున్నది. దానిని పాటించినవారికి చేసిన పనినే మరల చేయు బాధ తప్పును. పైనుండి క్రిందికి రావలెను. పొడి పని ముగించి తడి పనికి పోవలెను. ఫ్యాను రెక్కలను తుడుచునప్పుడు పాత దిండుగలీబును రెక్కకు తొడిగి, పైనుండి అదిమిపట్టి మెల్లగా వెలుపలికి లాగినచో దుమ్మంతయు గలీబులోనే పడును గాని మంచముమీద రాలదు. పిదప అలమరలు, కిటికీ కడ్డీలు, చివరకు నేల. లోపలి గచ్చులకు కొండచీపురును, వాకిలికిని పెరటికిని కొబ్బరి ఈనెల చీపురును వాడు పాత పద్ధతి శాస్త్రసమ్మతమైనదే. మెత్తని కొండచీపురు సన్నని ధూళిని కూడబెట్టును, ఈనెలు తడి బురదను చీల్చి లాగును. రంపచోడవరము, మారేడుమిల్లి అడవులనుండి గిరిజనులు తెచ్చు కొండచీపుళ్ళను, కుంకుడుకాయలను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొని విక్రయించుచున్నది. వానిని కొనుట మన ఇంటికిని వారి ఇంటికిని మేలు. తడిగుడ్డ పెట్టునప్పుడు ఒక బాల్చీలో మందునీరు, మరియొకదానిలో గుడ్డ జాడించు నీరు వేరువేరుగా నుంచుకొనవలెను. ఒకే బాల్చీతో ఇల్లంతయు తుడుచుట ఒక గది మురికిని మరియొక గదికి చేర్చుటయే యగును.

వారమునకొక దినము నీటికి కేటాయింపవలెను. పూలకుండీ క్రింది పళ్ళెము, కూలరు తొట్టె, ఫ్రిజ్ వెనుకటి చిన్న పళ్ళెము, పెరటిలో పారవేసిన కొబ్బరిచిప్ప, ఇవన్నియు డెంగీ దోమకు పురిటిగదులు. గ్రుడ్డు దోమగా మారుటకు సాధారణముగా వారము మొదలు పది దినములు పట్టును గనుక, వారమునకొక పర్యాయము వీనిని వంచి, లోపలి గోడలను రుద్ది, ఎండబెట్టినచో వాని వంశవృక్షము మధ్యలోనే తెగును. ఆరోగ్యశాఖవారు శుక్రవారమును ‘డ్రై డే’గా పాటింపుడని చెప్పుటలోని మర్మమిదియే.

ఇక నైమిత్తికములు. డెల్టావాసికి ఇవి ఋతువులతోపాటు వచ్చును. ఆషాఢ శ్రావణములలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు, మన పెద్దలు చిల్లగింజను కుండ లోపలివైపున అరగదీసియో, పటికముక్కను నీటిలో త్రిప్పియో మడ్డిని అడుగునకు దింపెడివారు. ఆ నీరు తేరుకొనును గాని క్రిములు చావవు. కాచి చల్లార్చిన పిదపనే త్రాగవలెను. ఆ దినములలోనే గోడవారనున్న బీరువాలను జానెడు ముందునకు జరిపియుంచినచో వెనుక గాలి ఆడి బూజు పట్టదు. పట్టిన బూజును పొడి చీపురుతో దులుపరాదు. కంటికి కానరాని దాని బీజములు గదియంతయు వ్యాపించి ఉబ్బసము కలవారిని బాధించును. సబ్బునీటి గుడ్డతో ఒత్తి తుడిచి, ఫ్యాను క్రింద ఆరనీయవలెను.

వరద మరింత పెద్ద నిమిత్తము. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము సాగిన నాటి ముంపును తలచుకొనువారు లంక గ్రామములలో నేటికిని కలరు. 2022 జూలైలోను లంకలు మరల మునిగెను. వరద తీయుచున్నప్పుడు మొదట మెయిను స్విచ్చి కట్టివేసి, కర్రతో మూలలు తట్టి పాములేమైన నున్నవేమో చూచి, చెప్పులతోనే లోపలికి పోవలెను. నీరు పూర్తిగా ఇంకువరకు వేచియుండక, తీయుచున్న నీటితోడనే ఒండ్రును వెలుపలికి నెట్టవలెను. తడిగానున్నప్పుడు చీపురుతో పోవు ఆ మట్టియే ఆరినపిమ్మట గచ్చుకు అతుకుకొని గడ్డపార కోరును.

నుయ్యి మునిగినచో మురుగునీటిని తోడించి, ఊరిన నీరు తేరుకొనిన తరువాత బ్లీచింగు చేయవలెను. లెక్క సులభమే: వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగు పౌడరు 2.5 గ్రాములు. రెండు మీటర్ల వ్యాసమును, మూడు మీటర్ల నీటి లోతును గల నూతిలో రమారమి 9,400 లీటర్లుండును. దానికి 24 గ్రాములు చాలును. ఆ పొడిని బాల్చీలో కొద్ది నీటితో ముద్దచేసి, మరికొంత నీరు పోసి కలిపి, సున్నము అడుగునకు దిగిన పిదప పైనున్న తేటనే మరియొక బాల్చీలోనికి వంపుకొని, ఆ బాల్చీని నీటి మట్టమునకు దిగువగా దించి పైకి క్రిందికి ఆడింపవలెను. ఒక గంట గడచిన తరువాతనే నీరు తోడుకొనవలెను.

సంక్రాంతి ముందరి శుద్ధియు నైమిత్తికమే. పండుగనాటికి గాలి పొడిగా నుండును గనుక వెల్ల వేయుటకును, పరుపులు ఎండవేయుటకును అంతకు మించిన కాలము లేదు. సున్నము గోడకు తెలుపునొసగుటయే గాక, తన క్షారగుణముచే బూజును అణచును. నిత్యము సరిగా నడచిన ఇంటిలో ఈ పని ఒకటి రెండు దినములలో ముగియును.

కామ్యముల మాట చివరకు. పెరవలి చెంతనున్న అజ్జరము ఇత్తడిపనికి పేరెన్నికగన్న ఊరు. ఆ బిందెలు, కుందులు మెరయుచుండిన ఇంటికి శోభయే. చింతపండులోని ఆమ్లము ఇత్తడిపై పట్టిన చిలుమును కరగించును. ఉప్పు చేర్చి తోమి, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను. ఆమ్లమును చాలసేపు పట్టనిచ్చినచో పసుపు వన్నె పోయి ఎర్రని మచ్చలు తేలును. వెండిమీది నలుపునకు మరియొక ఉపాయము కలదు: గిన్నె అడుగున అల్యూమినియము రేకు పరచి, వంటసోడా కలిపిన వేడినీరు పోసి, వస్తువు రేకునకు తగులునట్లుంచినచో నలుపు వెండిని విడిచిపోవును. బోరునీటి వలన కుళాయిలపై పేరుకొనిన తెల్లని పొరకు నిమ్మచెక్క చాలును. పాలరాతిమీద మాత్రము నిమ్మను వాడరాదు, ఆ రాయియు కరగును. చాకలిసోడాతో అల్యూమినియము గిన్నెలు తోమరాదు, నల్లబడును. ఇవన్నియు తీరిక చిక్కినప్పుడు చేయదగినవి. చేయనందువలన ఇల్లు అపరిశుభ్రమని యెవరును కుందనవసరము లేదు.

ఒక హెచ్చరిక మాత్రము ఎంతటి తొందరలోనైనను మరువరానిది. మరుగుదొడ్డి త్వరగా తెల్లబడవలెనని యాసిడ్డును, బ్లీచింగు పౌడరును కలిపి పోయువారు కలరు. ఆ కలయికనుండి వెలువడు క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దహించును. చిన్నగదిలో ప్రాణములకే ముప్పు. ఒకనాడు ఒకటే వాడవలెను, కిటికీ తెరచి వాడవలెను, పిల్లలకందని చోట భద్రపరచవలెను.

ఇంటిని చూచి ఇల్లాలిని చూడమను సామెత మన సీమలో వాడుకలో నున్నది. ఆ మాట పుట్టిన నాటికి ఇల్లాలు ఇంటనే యుండెడిది; ఆమె వెంట అత్తయు, ఆడుబిడ్డయు, పాలేరును పని పంచుకొనెడివారు. నేడామె ఉద్యోగమునకు పోవుచుండగా ఆ భారమంతయు ఆమె ఒక్కతెమీదనే నిలుపుట అన్యాయము. నిత్యకృత్యములు నాలుగని చెప్పితిని. ఇంట నలుగురున్నచో తలకొక్కటి వచ్చును. పీచు ఆరవేయుట ఏడేండ్ల పిల్లవానికి చాతనగును, పొయ్యి తుడుచుట ఇంటి యజమానికి చిన్నతనము కాదు. పనిని కాలమునందు పంచుట మొదటి మెట్టు, మనుష్యులయందు పంచుట రెండవది. ఈ రెండును కుదిరిన ఇంటిలో ఆదివారము విశ్రాంతికే మిగులును, పండుగ పండుగగానే వచ్చును.