భుజపట్టె చెప్పు సాక్ష్యము

తాతలనాటి తుపాకిని ఇంట దాచుకొన్నవా రెఱిగిన విషయ మొకటి కలదు. గొట్టమును, మడమయు నూరేండ్లు నిలుచును. భుజమునకు తగిలించు తోలుపట్టె నిలువదు. ఎండకు బీటలువారును, ఎలుకలు కొఱుకును, లేదా ఎవరో కోసి మఱియొక పనికి వాడుకొందురు. కావున పాత సైనిక తుపాకికి నేడు వ్రేలాడుచున్న పట్టె దానితోబాటు వచ్చినది కాకపోవుటయే సామాన్యము. అమెరికాలో సైనిక షాట్‌గన్నులను వేలకొలది డాలర్లకు కొనువా రనేకులు ఈ సంగతిని మఱచి మోసపోవుచున్నారు.

1917లో అమెరికా మహాసంగ్రామమున ప్రవేశించిన పిమ్మట వించెస్టరు కంపెనీవారి 1897 నమూనా తుపాకిని కందకముల పోరునకు సిద్ధపఱచిరి. గొట్టము 20 అంగుళములు. దానిపై చిల్లుల ఉక్కుతొడుగు. ముందు బయొనెట్టు తగులు అమరిక. ఇట్టి తుపాకితో చిక్కినవానికి మరణశిక్ష విధింతుమని 1918 సెప్టెంబరులో జర్మనీ హెచ్చరించెను. విషవాయువును ప్రయోగించినవారికి అంతలో ధర్మచింత కలుగుట మాకు వింతగనే తోచుచున్నది. అమెరికా ఆ యాక్షేపణను త్రోసివేసెను.

పట్టె తగులుటకు కడు లుండవలెను గదా. ముందుకడి బయొనెట్టు అమరికకే కలదు. వెనుకకడి మడమ క్రిందిభాగమున నుండును. వీనికి తగిలించిన 1907 నమూనా తోలుపట్టె వెడల్పు ఒకటింబావు అంగుళము. పొడుగుది, పొట్టిది యను రెండు ముక్కలను లోహపుకడి కలుపును. రెండు కొక్కెములు తోలులోని రంధ్రములకు తగులుకొనును. 1917-18 నాటి పట్టెలకు ఈ లోహమంతయు ఇత్తడి. ఆ కాలముననే కెర్ అను నూలుపట్టెయు వాడుకలో నుండెను. దాని లోహముపై ‘నోబకిల్’ అను ముద్ర కానవచ్చును. రెండవ మహాయుద్ధమున ఇత్తడి ఇతరావసరములకు కావలసివచ్చుటచే కొక్కెములు క్రమముగ ఉక్కువయ్యెను.

ఇచట తొందరపడి తీర్పు చెప్పరాదు. 1918 నాటి తుపాకులు అనేకములు 1940 తరువాత మరల సైనికుల చేతికి వచ్చినవి. అట్టిదానికి ఉక్కుకొక్కెముల పట్టె యున్నంతమాత్రమున దోషము లేదు. కాని ‘1918 నుండి ఎవరును ముట్టని తుపాకి’ యని చెప్పుచు ఉక్కుకొక్కెమును చూపు వర్తకుని మాట నమ్మదగినది కాదు. 1943 నాటి తుపాకికి ఇత్తడి యున్నచో అది పాతనిల్వలలోనిది కావచ్చును. క్రొత్తకాలపు తుపాకికి పాతపట్టె సాధ్యము. పాతకాలపు తుపాకికి క్రొత్తపట్టె యున్నచో దానికి కారణము చెప్పవలసియుండును.

పట్టెను నిమిషములో మార్చవచ్చును. కడిని మార్చినచో కొయ్య చెప్పును. వెనుకకడిని బిగించిన మరమేకుల తలలు క్రొత్తగ గీచుకొనిపోయినవా, కడి యడుగున కొయ్య రంగు పరిసరముల రంగునుండి వేఱుపడినదా, పూడ్చిన రంధ్రము లున్నవా యని మొదట చూడవలెను. పిమ్మటనే పట్టె. ఇత్తడి చాలకాలము తాకిన తోలుపై పచ్చని చిలుము పేరుకొనును. కొక్కెము కూర్చున్న చోట ముడుతయు, పల్లమును ఏర్పడును. క్రొత్తనకళ్లపై పాతముద్రలు కొట్టువా రున్నారు గాని ఆ పల్లమును తెప్పించుట అంత సులభము కాదు. అందుచే చిలుమును తుడిచి, నూనె పూసి మెఱయించిన పట్టెను చూచినపుడు మాకు సంతోషముకంటె సందేహమే హెచ్చు.

పట్టె లేని తుపాకిని కొన్నవారు ‘నిండుదనము’ కొఱకు ఎక్కడనో దొరికిన ఇత్తడిపట్టెను తగిలించి, అది మొదటినుండి ఉన్నదే యని వారసులకు అప్పగించుచున్నారు. ఇంతకంటె కడిని ఖాళీగ విడుచుట మేలు. తగిలింపక తప్పదన్నచో ఏ సంవత్సరమున తగిలించితిమో చీటి వ్రాసి కట్టవలెను. కొనువారు తుపాకికి వేఱుగను, పట్టెకు వేఱుగను వెల చెప్పుమని అడుగవలెను. వర్తకుడు తడబడినచో బేరమును అచ్చటనే విడిచి రావలెను.